ఆమ్ల క్షారాల మర్మం తెలిపిన ఆర్హీనియస్

ఆమ్లాలు, క్షారాలు, లవణాలు మన చేతికి తగలని రోజు లేదు. చింతపండు పులుసులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మపండులో సిట్రిక్ ఆమ్లం ఉన్నాయి. పెరుగు పులిసినదంటే అందులో లాక్టిక్ ఆమ్లం పెరిగినదని అర్థం. తమలపాకుకు రాసే సున్నం క్షారం. కూరలో వేసే ఉప్పు లవణం. ఆమ్లాన్ని ఉర్దూలో తేజాబ్ అంటాము. క్షారానికి ఆంగ్లేయులు వాడే ఆల్కలీ అనే మాట అరబ్బీ నుంచి వెళ్లినదే. చవిటినేలల్లో పెరిగే మొక్కలను కాల్చగా మిగిలిన బూడిదకు అరబ్బులు పెట్టిన పేరది. ఇన్ని భాషలలో, ఇన్ని పేర్లతో తరతరాలుగా ఎరిగిన ఈ పదార్థాలు నీటిలో కరిగినప్పుడు లోపల ఏమి జరుగుతున్నదో పందొమ్మిదవ శతాబ్ది చివరి వరకు స్పష్టంగా తెలియలేదు. దానిని తెలిపినవారు స్వీడన్ దేశీయుడైన స్వాంటే ఆర్హీనియస్.

మేము తెలుగు బోధించేవారమే గాని రసాయనశాస్త్రం బోధించేవారం కాము. అయినా ఏటేటా జవాబు పత్రాలు దిద్ది మార్కులు వేసేవారం కనుక ఈ మహనీయుని జీవితం మమ్మల్ని ఆలోచింపజేసినది. దానిని మా విద్యార్థుల ముందు ఉంచుతున్నాము.

ఆర్హీనియస్ 1859 ఫిబ్రవరి 19వ తేదీన ఉప్సాలా నగర సమీపంలోని వీక్ అనే చోట జన్మించారు. తండ్రి భూములు కొలిచే సర్వేయరు. ఆ బాలుడు మూడేళ్ల వయస్సులోనే ఎవరూ నేర్పకుండా చదవడం నేర్చుకొన్నాడనీ, తండ్రి జమాఖర్చుల పుస్తకాలలో అంకెలు కూడటం చూచి గణితంపై మక్కువ పెంచుకొన్నాడనీ చెబుతారు. 1876లో పాఠశాల చదువు ముగించి ఉప్సాలా విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడి బోధన తృప్తి కలిగించకపోవడంతో 1881లో రాజధాని స్టాక్‌హోమ్ చేరి, ఎడ్లుండ్ అనే భౌతికశాస్త్రజ్ఞుని వద్ద పరిశోధన ఆరంభించారు.

ఆయన చేపట్టిన సమస్య పైకి చిన్నది. ఎండిన ఉప్పు గుండా విద్యుత్తు ప్రవహించదు. శుద్ధమైన నీటి గుండానూ దాదాపు ప్రవహించదు. ఆ రెండింటినీ కలిపితే చక్కగా ప్రవహిస్తుంది. ఎందువలన? విద్యుత్తును పంపినప్పుడే పదార్థం విడిపోయి అయాన్లు ఏర్పడుతాయని అంతకుముందు శాస్త్రజ్ఞులు తలచేవారు. ఎన్నో ద్రావణాలను క్రమంగా పలుచన చేస్తూ, వాటి విద్యుద్వాహకతను కొలిచి, ఆర్హీనియస్ వేరొక మార్గంలో ఆలోచించసాగారు. తన ఫలితాలను 150 పుటల సిద్ధాంత వ్యాసంగా వ్రాసి, 1884లో డాక్టరు పట్టం కొరకు ఉప్సాలాకు సమర్పించారు.

పరీక్షకులకు అది రుచించలేదు. రసాయనశాస్త్ర ఆచార్యుడు క్లీవే స్వయంగా మూలకాలను కనుగొన్న ఉద్దండుడు. ఆయనకూ ఈ యువకుని ఊహలు నమ్మదగినవిగా తోచలేదు. సిద్ధాంత వ్యాసానికి నాలుగో శ్రేణి, సభాముఖంగా దానిని సమర్థించుకొన్నందుకు మూడో శ్రేణి ఇచ్చారు. పట్టం వచ్చినది గాని, ఆ శ్రేణితో విశ్వవిద్యాలయంలో అధ్యాపక పదవి ఆశించడానికి వీలు లేకపోయినది. ఇరవై అయిదేళ్ల యువకుని ఎదుట తలుపు మూసినట్లయినది.

ఆయన నిరాశతో కూర్చోలేదు. తన వ్యాసాన్ని యూరపులోని ప్రముఖ శాస్త్రజ్ఞులకు పంపారు. రీగా నగరంలోని ఆస్ట్‌వాల్డ్‌కు ఆ గ్రంథం అందిన రోజే పంటి నొప్పి, ఆ రోజే కుమార్తె జననం. ఆ మూడింటిలోనూ తనకు ఎక్కువ చిక్కు కలిగించినది ఆ గ్రంథమేనని ఆయన తరువాత చెప్పుకొన్నారు. ఆ వేసవిలోనే ఆస్ట్‌వాల్డ్ స్వయంగా ఉప్సాలా వచ్చి, ఆ యువకునికి రీగాలో ఉద్యోగం ఇవ్వజూపారు. పరాయి దేశపు విద్వాంసుడు వెదుక్కుంటూ వచ్చిన తరువాత ఉప్సాలా వారు కూడా కన్ను తెరిచి, అదే సంవత్సరం ఆయనకు అధ్యాపక స్థానం ఇచ్చారు. తండ్రి జబ్బుపడి ఉండటం వలన ఆర్హీనియస్ వెంటనే రీగా వెళ్లలేదు. 1885లో ఆ తండ్రి మరణించారు.

అటుపై రీగాలోనూ, జర్మనీ, ఆస్ట్రియా, హాలండు దేశాలలోనూ పనిచేశారు. ఆ కాలంలోనే, 1887లో తన సిద్ధాంతాన్ని పరిపూర్ణ రూపంలో ప్రకటించారు. దాని సారాంశం ఇది. లవణం నీటిలో కరిగిన క్షణంలోనే, విద్యుత్తుతో పనిలేకుండా, ధన రుణ విద్యుదావేశాలు గల అయాన్లుగా విడిపోతుంది. నీటిలో హైడ్రోజన్ అయాన్లను ఇచ్చేది ఆమ్లం. హైడ్రాక్సైడ్ అయాన్లను ఇచ్చేది క్షారం. ఆ రెండూ కలిసినప్పుడు ఈ అయాన్లు జతకట్టి నీరవుతాయి, మిగిలినవి లవణంగా ఉంటాయి. బలమైన ఆమ్లం ఏదైనా, బలమైన క్షారం ఏదైనా, తటస్థీకరణంలో వెలువడే వేడి ఇంచుమించు ఒకటిగానే ఎందుకున్నదో దీనితో తేలిపోయినది: జరిగే పని ఒక్కటే, నీరు పుట్టడం. వెనిగర్‌లోని ఆమ్లాన్ని మనం తినగలుగుతున్నాము, గంధకామ్లం చర్మాన్ని కాలుస్తుంది. మొదటిది నీటిలో చాలా కొద్ది భాగం మాత్రమే అయాన్లుగా విడిపోయే బలహీన ఆమ్లం కావడం ఈ భేదానికి ఒక ముఖ్య కారణం.

ఆక్షేపణలు రాకపోలేదు. సోడియం నీటిని తాకితే భగ్గుమంటుంది, క్లోరిన్ విషవాయువు. ఆ రెండూ ఉప్పునీటిలో నెమ్మదిగా ఎట్లా ఉంటాయని అడిగారు. విద్యుదావేశం గల అయాన్ గుణం వేరు, ఆవేశం లేని పరమాణువు గుణం వేరు అన్నదే దానికి సమాధానం. కాలక్రమంలో లోకం దానిని అంగీకరించినది. 1903లో ఆర్హీనియస్‌కు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించినది. స్వీడన్ దేశీయులలో దానిని పొందిన మొదటివారు ఆయనే. బహుమతిని పరిశీలించే సంఘంలో ఆనాటి క్లీవే కూడా సభ్యులై ఉండటం, ఒకనాడు కాదన్న దానిని ఔనన్నవారిలో ఆయన చేరడం, ఆ వృద్ధ ఆచార్యునికీ గౌరవమే. బొగ్గుపులుసు వాయువు పెరిగితే భూమి వేడెక్కుతుందని 1896లోనే లెక్కకట్టినది కూడా ఆర్హీనియసే. 1927 అక్టోబరు 2న ఆయన కన్నుమూశారు.

ఇక్కడితో ఆపితే కథ తియ్యగా ముగుస్తుంది. కాని ఒక చేదు నిజం చెప్పక తప్పదు. మన తరగతి గోడలపై వేలాడే మూలకాల ఆవర్తన పట్టికను రూపొందించిన రష్యా శాస్త్రజ్ఞుడు మెండలీయెఫ్ అయాన్ల సిద్ధాంతాన్ని ఒప్పుకొనలేదు. 1906లో ఆయనకు నోబెల్ బహుమతి ఇవ్వాలని సంఘంలో అధికసంఖ్యాకులు తలచినా, అది దక్కలేదు. దానికి అడ్డుపడినవారిలో ఆర్హీనియస్ పలుకుబడి ప్రధానమని చరిత్రకారులు వ్రాశారు. మరుసటి సంవత్సరమే మెండలీయెఫ్ మరణించారు. నాలుగో శ్రేణి వేదన ఎరిగినవారే మరొక మహనీయుని విలువ కట్టడంలో పొరబడ్డారు.

ఆయన సిద్ధాంతానికీ హద్దులున్నాయి. హైడ్రాక్సైడ్ లేని అమ్మోనియా క్షారమెట్లయినదో దానితో పూర్తిగా తేలలేదు. 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ అనేవారు దానిని విస్తరించారు. అయినా మన పాఠశాలలో లిట్మస్ కాగితం రంగు మారినప్పుడు బాలురు మొదట నేర్చుకొనేది ఆర్హీనియస్ మాటనే.

విద్యార్థులారా! మార్కుల పట్టికలో తక్కువ అంకె కనబడిన నాడు ఇరవై అయిదేళ్ల ఆర్హీనియస్‌ను తలచుకొనండి. మీరు చేసిన పని నిజమైనదైతే, దానిని చదవగలవారికి పంపండి. ఇక ఎర్రసిరా కలం పట్టిన మావంటివారం 1906 నాటి ఆర్హీనియస్‌ను తలచుకొనవలసి ఉన్నది. మాకు నచ్చని జవాబును సైతం మరొకసారి చదివి గాని అంకె వేయకూడదని ఈ వ్యాసం వ్రాస్తూ మేము నేర్చుకొన్నాము.