అయిదు ఔన్సుల వెదురు కర్ర

మా వీధి చివర వేపచెట్టు కింద ఏటా ఎండాకాలం ముందు ఒక మేదరామె వచ్చి కూర్చుంటుంది. చేటలు, తట్టలు అక్కడికక్కడే అల్లి అమ్ముతుంది. కూరల సంచీతో వస్తూ ఆమె దగ్గర కాసేపు ఆగిపోవడం నాకు అలవాటు. కత్తితో ఒక్క దెబ్బ వేసి వెదురుబొంగుని నిలువునా చీలుస్తుంది. దాన్ని మళ్ళీ పలచటి బద్దలు చేస్తుంది. లోపలి మెత్తటి భాగం గీకి పారేసి, పైనున్న నున్నటి పెచ్చుని మాత్రం జాగ్రత్త చేస్తుంది. తర్వాత బద్దని విల్లులా వంచి వదిలేస్తుంది. చటుక్కున నిటారుగా అయితే అల్లికలోకి, వంగింది వంగినట్టే ఉండిపోతే పొయ్యిలోకి. బలమంతా పెచ్చులోనే ఉంటుందట.

సరిగ్గా ఇదే సంగతి అమెరికాలో చేపలు పట్టే కర్రల గురించి చదువుతుంటే కనిపించి ఆశ్చర్యపోయాను. చేపల బజారు పక్కనుంచి వెళ్తే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే నాకు ఆ చదువు ఎందుకంటారా? కర్ర కోసం కాదు, ఆ కర్ర పేరునే తన పేరుగా చేసుకున్న ఒకావిడ కోసం చదివాను. ఆవిడ కార్నీలియా క్రాస్బీ. ఆ రోజుల్లో అమెరికా అంతా ఆమెని ఫ్లై రాడ్ అనే పిలిచింది.

అమెరికాకి ఈశాన్యం కొసన, కెనడాని ఆనుకుని మేన్ అనే రాష్ట్రం ఉంది. అడవులు, సరస్సులు, ఆరేడు నెలలు చలి. అక్కడి ఫిలిప్స్ అనే చిన్న ఊళ్ళో 1854 నవంబరు 10న కార్నీలియా పుట్టింది. పసితనంలోనే తండ్రి క్షయతో పోయాడు. పిల్లకీ ఆరోగ్యం అంతంతమాత్రమే. తన వాటాకి వచ్చిన 600 డాలర్లతో ఆ అమ్మాయి చేసిన మొదటి పని చదువుకోవడం. అగస్టా పట్నంలో ఆడపిల్లల బడిలో చేరింది. ఆ డబ్బు పెళ్ళికి దాచుకోమని చెప్పినవాళ్ళు అక్కడా ఉండే ఉంటారు!

చదువయ్యాక సొంత ఊళ్ళో బ్యాంకు ఉద్యోగం దొరికింది. ఆడవాళ్ళకి బ్యాంకు ఉద్యోగమంటే ఆ కాలంలో చిన్న విషయం కాదు. కానీ తలుపులు మూసిన గదిలో, లెక్కల పుస్తకాల మధ్య ఆమె ఒళ్ళు మరీ చిక్కిపోయింది. ఇలా అయితే లాభం లేదు, ఆరుబయట గాలిలో తిరగమని డాక్టరు గట్టిగా చెప్పాడు. మనకీ డాక్టర్లు ఈ మాట చెప్తూనే ఉంటారు. ఇంటికొచ్చాక కుక్కర్ కూతలు, పిల్లల క్యారేజీలు, పొద్దు గూకడం. రెండేళ్ళ కిందట నా సంగతీ అంతే. గాలికి తిరగడం కూడా ఒక పనేనని ఇంట్లో ఎవరికీ తోచదు, మనకే తోచదు.

ఆమె మాత్రం ఆ మాట విన్నది. దగ్గర్లోని రేంజ్‌లీ సరస్సుల దగ్గరికి వెళ్ళి, విహారానికొచ్చే వాళ్ళు దిగే హోటళ్ళలో పనికి కుదిరింది. గదులు సర్దడం, దుప్పట్లు మార్చడం లాంటి పనులు. బ్యాంకు వదిలి ఇదేం పని అని నలుగురూ అనుకునే మెట్టే. పని అయ్యాక మాత్రం అడవి ఆమెది. నావలు నడిపే స్థానికులు, దారి చూపే గైడ్లు ఆమెకి చెట్లూ నీళ్ళూ చేపలూ నేర్పారు. చిక్కిన ఒళ్ళు కోలుకుంది. మనిషి ఆరడుగుల పొడుగు!

1886లో ఒక మిత్రుడు ఆమెకో కానుక ఇచ్చాడు. వెదురుతో చేసిన గాలపు కర్ర. బరువు అయిదు ఔన్సులు, అంటే మన లెక్కలో సుమారు 140 గ్రాములు. ఇంట్లో అప్పడాల కర్ర తూచి చూడండి, అంతకంటే ఎక్కువే తూగుతుంది.

ఇక్కడ కాస్త ఆగి ఆ కర్ర సంగతి చెప్పాలి. మన కాలవ గట్ల మీద పిల్లలు వేసే గాలం వేరు. అక్కడ ఎరకి బరువుంటుంది, అది దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఎర అంటే చిన్న కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి ఈగలా, దోమలా చేసిన బొమ్మ. దానికి బరువే ఉండదు. విసిరితే గాలికి మన మొహానికే వచ్చి తగులుతుంది. అందుకని అక్కడ విసిరేది ఎరని కాదు, దారాన్ని. ఆ రోజుల్లో అది నూనె పట్టించిన పట్టుదారం. కర్రని వెనక్కి ఊపితే దారం వెనక గాలిలో పొడుగ్గా పరుచుకోవాలి. సరిగ్గా ఆ క్షణాన ముందుకి ఊపాలి. దారం బరువుకి కర్ర వంగి, ఆ వంపులో దాచుకున్న బలాన్ని తిరిగి దారానికే ఇచ్చేస్తుంది. చివరికి ఈగ బొమ్మ నీటి మీద చప్పుడు లేకుండా వాలాలి. చప్పుడైతే ట్రౌట్ చేప పారిపోతుంది.

మరి మంచి కర్ర ఏది? కొస నుంచి పిడి దాకా ఎక్కడా విరిగినట్టు కాకుండా ఒకే తీగలా వంగాలి. వంగినదాని కంటే వేగంగా నిటారు కావాలి. అయ్యాక వణుకుతూ ఉండకూడదు, టక్కున ఆగాలి. కర్ర వణికితే దారం అలలు తిరిగిపోతుంది. పట్టుకుంటే చేతికి కొనసాగింపులా ఉండాలి, పొద్దుటినించి సాయంత్రం దాకా ఊపినా భుజం లాగకూడదు. చేప తన్నుకున్నప్పుడు దారం తెగకుండా కొస మెత్తగా ఒదగాలి, అదే కర్ర అడుగున మాత్రం పట్టు వదలకూడదు. మెత్తదనమూ గట్టిదనమూ ఒక్క కర్రలోనే కావాలన్నమాట. ఇంటికొచ్చే కోడలి గురించి చెప్తున్నట్టు లేదూ!

అంతకుముందు ఈ కర్రలు చెక్కతో, బరువుగా ఉండేవి. 1840ల్లో పెన్సిల్వేనియాలో శామ్యూల్ ఫిలిప్ అనే తుపాకులు చేసేవాడు వెదురుని బద్దలుగా చీల్చి అంటించడం మొదలుపెట్టాడు. ఆ మనిషి వయొలిన్లు కూడా చేసేవాడట. మేన్ రాష్ట్రంలోనే బాంగర్ పట్నంలో హైరమ్ లెనార్డ్ 1870ల్లో బద్దలు కోసే యంత్రం తయారుచేసి, ఆరు బద్దల కర్రని అంగడి సరుకు చేశాడు. ఒక్కో బద్దని ముక్కోణంగా, వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కుతారు. చెక్కేటప్పుడు తీసేది లోపలి మెత్తటి భాగాన్నే. పై పెచ్చుని ముట్టుకోరు, మా మేదరామె లాగే! ఆరూ కలిపి అంటిస్తే పెచ్చంతా బయటికి వస్తుంది. కణుపులన్నీ ఒక్కచోటికి రాకుండా బద్దల్ని ఎగుడుదిగుడుగా అమరుస్తారు. కణుపులన్నీ కలిసినచోట కర్ర బలహీనం. ఇంకో మాట చెబితే మీకు సంతోషంగా ఉంటుంది. కార్నీలియా కాలంలో ఈ కర్రలకి వాడిన వెదురు ఎక్కువగా మన దేశంలోదే. కలకత్తా రేవునించి వెళ్ళేది కాబట్టి దాన్ని కలకత్తా వెదురనే పిలిచేవాళ్ళు. చైనా వెదురు ఆ స్థానంలోకి వచ్చింది 20వ శతాబ్దంలోనే.

చెప్పొద్దూ, ఇదంతా చదువుతుంటే నాకు మా వంటింటి గట్టు గుర్తొచ్చింది. ఇల్లు కట్టేటప్పుడు గట్టు ఎంతెత్తుండాలని నన్నెవరూ అడగలేదు. మేస్త్రీ తన నడుం లెక్కన కట్టేశాడు. ఇప్పటికీ కూర కలపాలంటే పీట ఎక్కుతాను. మన చేతినీ మన భుజాన్నీ చూసి ఎంచి ఇచ్చిన పనిముట్టు మనలో ఎంతమందికి దొరికింది? కార్నీలియాకి ఆ 140 గ్రాముల కర్ర 31 ఏళ్ళప్పుడు దొరికింది.

అది చేతికొచ్చాక ఆమె నీళ్ళని వదల్లేదు. తనకి తెలిసిందీ చూసిందీ కాగితం మీద పెట్టి, ఫిలిప్స్ ఊరి వారపత్రిక ఫోనోగ్రాఫ్‌కి ఇచ్చింది. చదివిన సంపాదకుడు ఆమెకి ఫ్లై రాడ్ అనే పేరు పెట్టాడు. ఇంకేముంది, ఫ్లై రాడ్ నోట్‌బుక్ శీర్షిక మొదలైంది. క్రమంగా బోస్టన్, న్యూయార్క్ పత్రికలూ ఆమె రాతలు వేసుకున్నాయి. ఎక్కడ చేపలు పడుతున్నాయి, ఏ హోటల్లో ఎవరు దిగారు అన్న కబుర్లే ఎక్కువ. ఆ కబుర్ల మధ్యలోనే, ఆడవాళ్ళు కూడా వచ్చి చూడండని పిలిచేది. పట్నవాసపు ఆడవాళ్ళు బిగుతు నడికట్లతో, నేల ఊడ్చే లంగాలతో ఉన్న రోజులవి. కథలు రాసే నాకు ఇక్కడ కాస్త అసూయ. నా కథకి ఉత్తరం రావడమే గగనం, ఆమె రాతలకి జనం రైలెక్కి వచ్చారు!

రైలు కంపెనీ కూడా అది కనిపెట్టింది. మేన్ సెంట్రల్ రైల్వే తరఫున ఆమె న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగే వేట ప్రదర్శనలకి వెళ్ళింది. పట్నం నడిబొడ్డున దుంగలతో అడవి గుడిసె కట్టించింది, తొట్టెల్లో బతికున్న చేపల్ని తెప్పించింది. నేలకి కొన్ని అంగుళాలు పైకి ఉండేలా కుట్టించుకున్న ఆకుపచ్చ తోలు లంగాతో నిలబడింది. చేపల కంటే ఆ లంగా గురించే ఎక్కువమంది మాట్లాడుకున్నారట. ఆశ్చర్యం ఏముంది!

అడవిలో దారి చూపే గైడ్లు పేర్లు నమోదు చేసుకోవాలని ఆమె చాలాకాలం వాదించింది. 1897 మార్చిలో మేన్ శాసనసభ ఆ చట్టం చేసింది. మొదటి ఏడాదే 1300 మందికి పైగా నమోదయ్యారు. 1వ నంబరు లైసెన్సు ఆమెకిచ్చారు. నావ నడిపి పొట్టపోసుకునే గైడు కాదామె, ఆ నంబరు చట్టం కోసం పాటుపడినందుకు ఇచ్చిన గౌరవం. అయినా 1300 మంది మగవాళ్ళ పట్టికలో మొట్టమొదటి పేరు ఆడమనిషిది కావడం నాకు భలే నచ్చింది.

నచ్చనిదీ చెప్పాలి కదా. ఆమె ఒకే రోజు 200 ట్రౌట్ చేపలు పట్టిందని గొప్పగా చెప్పుకుంటారు. 1898లో కారిబూ అనే పెద్ద దుప్పిని కాల్చింది. ఆ రాష్ట్రంలో చట్టం ఒప్పుకున్న కారిబూ వేటలో అదే చివరిదంటారు. మరుసటేడే వేట నిషేధించారు, అయినా కొన్నేళ్ళలో మేన్ అడవుల్లో కారిబూ లేకుండా పోయింది. ఆమె పిలిస్తే వచ్చిన జనం వల్లే చేపలూ తగ్గాయి. అది ఆమెకీ అర్థమైంది. పట్టే చేపలకి లెక్క ఉండాలని, అక్కర్లేనివి నీళ్ళలోకి వదిలెయ్యాలని రాసింది. 200 పట్టిన చెయ్యే ఆ మాట రాసిందని కొందరు నవ్వుతారు. పట్టని చెయ్యి రాస్తే ఆ వేటగాళ్ళు వినేవారా? నాకైతే అనుమానమే.

శతాబ్దం మారే వేళకి, రైలు అందుకోవాలని పరుగెత్తి పడిపోయింది. మోకాలు దెబ్బతింది. నెలల తరబడి మంచంలో ఉంది. ఆ తర్వాత కర్ర సాయం లేకుండా సరిగ్గా నడవలేకపోయింది. ఏ ఆరుబయలు ప్రాణం నిలబెట్టిందో అక్కడికి ఇక మునుపటిలా పోలేదు. అప్పటికి ఆమెకి 45 ఏళ్ళుంటాయి. నాకు ఇంకో ఏడేళ్ళలో వచ్చే వయసు. చదువుతూ పుస్తకం కాసేపు మూసేశాను.

ఆమె మాత్రం నోట్‌బుక్ మూయలేదు. పెళ్ళి చేసుకోలేదు, ఆమె కోసం ఎదురుచూసే ఇల్లంటూ లేదు. సరస్సుల దగ్గరి మకాములకి వెళ్తూ, వచ్చినవాళ్ళని పలకరిస్తూ, చేతనైనంత వరకు రాస్తూ గడిపింది. క్షయ ఉన్న ఇంట్లో పుట్టి, బతకడం కష్టమనిపించుకున్న పిల్ల 92 ఏళ్ళు నిండిన మర్నాడు, 1946 నవంబరు 11న కన్నుమూసింది. స్ట్రాంగ్ అనే ఊళ్ళో సమాధి చేశారు. ఆ ఊరి నుంచి రేంజ్‌లీ సరస్సుల వైపు వెళ్ళే ఒక కాలిబాటకి ఈ మధ్యకాలంలో ఆమె పేరే పెట్టారు. నడవడానికి వేసిన దారి!