వాగులో నిలిచిన చేప – సుందర్‌లాల్ హోరా

మీరు ఎప్పుడైనా వానాకాలంలో కొండవాగు దాటారా? నీళ్లు మోకాటి లోతే ఉంటాయి. అయినా కాలు నిలవనివ్వవు. ఏమరుపాటుగా ఉంటే మనిషినే లాక్కుపోతాయి. మరి వేలెడంత చేప ఆ వాగులో కొట్టుకుపోకుండా ఎలా బతుకుతోంది? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన శాస్త్రవేత్తే సుందర్‌లాల్ హోరా.

ఆయన 1896లో పంజాబులోని హఫీజాబాద్‌లో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. లాహోరులో చదువుకున్నారు. 1919లో నెల్సన్ అనండేల్‌తో పరిచయమైంది. కలకత్తాలోని భారత జంతు సర్వేక్షణ సంస్థకు మొదటి డైరెక్టరు అనండేలే. ఆ పరిచయం హోరాను కలకత్తాకు తీసుకువచ్చింది. ఈ నగరాన్నే మనం నేడు కోల్‌కతా అంటున్నాం.

హోరా ఖాసీ కొండల వాగులకు వెళ్లి, చేపలు అక్కడ ఎలా బతుకుతున్నాయో గమనించారు. సీసాలో భద్రపరచిన చేపను చూస్తే దాని ఆకారం తెలుస్తుంది. ఆ ఆకారం ఎందుకో తెలియాలంటే వాగు దగ్గరకే పోవాలి కదా! గర్రా అనే చేపకు కింది పెదవి వెనుక గుండ్రని బిళ్ల వంటి భాగం ఉంటుంది. దానితో రాతిని పట్టుకుంటుంది. ఈ జాతి చేపలు మన కృష్ణా, గోదావరి నదులలోనూ ఉన్నాయి. గ్లిప్టోథొరాక్స్ అనే చిన్న జెల్ల రకానికి రొమ్ము మీది చర్మం ముడతలు ముడతలుగా ఉండి రాతికి అంటుకుంటుంది. బాలిటోరా చేపకు పొట్ట బల్లపరుపుగా ఉంటుంది. పక్క రెక్కలు విసనకర్రలా విచ్చుకొని రాతిని అదుముతాయి.

అవసరం ఒక్కటే. కానీ ఒకటి పెదవితో, ఒకటి రొమ్ముతో, మరొకటి రెక్కలతో పని జరుపుకుంటున్నాయి. నీటి వేగం జీవి శరీరాన్ని ఎలా మలుస్తుందో చెప్పే ఈ పరిశోధన 1930లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

1942 నుంచి 1947 వరకు ఆయన బెంగాల్ మత్స్యశాఖకు డైరెక్టరు. ఆ మధ్యలోనే, 1943లో, బెంగాల్ కరువులో లక్షలమంది చనిపోయారు. అటువంటి కాలంలో చెరువులో చేపల పెంపకం అంటే ఆకలి తీర్చే సంగతి. ఆ ఏడాదే మరో నష్టం జరిగింది. యుద్ధభయంతో జంతు సర్వేక్షణ సంస్థ సేకరణలను కాశీకి తరలించి ఉంచారు. అక్కడ వరుణా నదికి వరద వచ్చి ఎన్నో నమూనాలు పాడయ్యాయి. 1947లో డైరెక్టరైన హోరా చేతికి వచ్చింది ఈ దెబ్బతిన్న సంస్థే.

ఇక ఆయన పేరు చెప్పగానే గుర్తుకువచ్చే వాదం ఒకటుంది. అస్సాం, మలయా వైపు కనిపించే కొన్ని కొండవాగు చేపల దగ్గరి బంధువులు, ఎక్కడో దూరాన పడమటి కనుమలలో ఉన్నాయి. మధ్యలో కనబడవు. కొండవాగు చేప మైదానపు బురదనీటిలో అంత దూరం ఈదిపోలేదు. మరి ఎలా చేరింది? సాత్పురా కొండల మీదుగా అన్నారు హోరా. నేడు అక్కడ అంత వాన లేదు. కానీ మంచుయుగాల కాలంలో వాతావరణం వేరుగా ఉండి, ఆ కొండల్లో వానలు బాగా కురిసేవని, వాగులు ఏడాది పొడుగునా పారేవని ఆయన ఊహించారు. తరువాత వానలు తగ్గి, మధ్యలోని చేపలు అంతరించాయట. అంటే చేపల ఉనికిని బట్టి ఆయన పాతకాలపు వానలను లెక్కగట్టారన్నమాట! ఈ సాహసం మెచ్చుకోదగినదే.

కానీ చిక్కులూ ఉన్నాయి. గారో కొండలకూ, రాజమహల్ కొండలకూ మధ్య గంగా, బ్రహ్మపుత్రల ఒండ్రుతో నిండిన పెద్ద పల్లం ఉంది. దానిని చేపలు ఎలా దాటాయన్నది తేలలేదు. హోరా 1955 డిసెంబరు 8న, డైరెక్టరు పదవిలో ఉండగానే మరణించారు. జన్యు పరీక్షలు వచ్చాక శాస్త్రవేత్తలు ఈ వాదాన్ని మళ్లీ పరీక్షించారు. పలు జీవుల విషయంలో అది నిలవలేదు. అయినా పడమటి కనుమల చేపల గురించి రాసేవారు నేటికీ హోరా ప్రశ్న దగ్గరే మొదలుపెడుతున్నారు.