పిడికెడు బియ్యము – అజరయ్య అధ్యక్షుల వారి జీవితము



పొయ్యిమీద ఎసరు మరుగుతుండగా ఇల్లాలు చేటలోని బియ్యములో నుండి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. అన్నము తినేవారికి ఆ లోటు తెలియనే తెలియదు. ఆదివారము నాడు ఆ కుండలోని బియ్యము గుడికి చేరుతుంది. అట్టి ఇళ్లు అనేకము కలిస్తే ఒక ఉపదేశకుని జీతానికి ఆధారమవుతుంది. ఆ ఉపదేశకుడు వెళ్లిన పల్లెలో ఒక బడి వెలుస్తుంది. ఆ బడిలో చదివిన పిల్లవాడు మరొక పల్లెకు ఉపదేశకుడై వెళ్తాడు. పిడికెడు బియ్యము తీసిన తల్లి ఆ పల్లెను ఎన్నడూ చూడదు, దాని పేరైనా ఎరుగదు. దక్షిణ భారత సంఘాలలో వాడుకగా వచ్చిన ఈ కానుకను ప్రోత్సహించి, ఇచ్చుట ఐశ్వర్యవంతుల పని మాత్రమే కాదని బోధించిన దైవజనులలో అగ్రగణ్యులు దోర్నకలు ప్రథమ అధ్యక్షులు వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. ఈ శతవార్షికోత్సవ సమయమున వారి జీవితమును జ్ఞాపకము చేసికొనుట యుక్తము.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తమిళ దేశములో తిరునెల్వేలి ప్రాంతమున వెల్లాలన్‌విలై అను చిన్న గ్రామములో జన్మించారు. తండ్రి ఆ గ్రామ గురువు. చాలాకాలము ప్రార్థించి కన్న కుమారుడు గనుక తలిదండ్రులు శామ్యూల్ అని పేరు పెట్టారు. చిన్న వయస్సులోనే తండ్రి పోగా, తల్లి భక్తిలో, క్రమశిక్షణలో పెంచింది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని పట్టా చేతికి రాలేదు. పట్టా లేని ఆ యువకుడు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఊరూరా తిరిగి యువకుల మధ్య సేవ చేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహము చేసికొన్నారు.

1902లో ఆయన సింహళములోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ కొద్దిపాటి కానుకలతోనే సముద్రము దాటించి, తమిళ దేశములో ఎవరూ పట్టించుకొనని ఒక ప్రాంతానికి సేవకులను పంపుతున్నారు. ఆ సంగతి అజరయ్య గారి హృదయమును తాకింది. వారికంటె ఎంతో పెద్దదైన తిరునెల్వేలి సంఘము ఇతరుల కొరకు ఏమి చేస్తున్నదని ఆయన తన్ను తాను ప్రశ్నించుకొన్నారు. ఫలితముగా 1903 ఫిబ్రవరి 12న పాలయంకోటలో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించబడింది. భారతీయుల ధనముతో, భారతీయుల చేత, భారతీయుల నిర్వాహకములో జరుగవలెనన్నది దాని నియమము. సేవకు వారు ఎన్నుకొన్న స్థలము నిజాము రాజ్యములోని దోర్నకలు. జాఫ్నాలో కానుక వేసినవారికి దోర్నకలు పేరు తెలియదు. అయినను వారి చిన్న కానుక తమిళ దేశము మీదుగా తెలుగు పల్లెల వరకు ప్రవహించింది.

ఇతరులను పంపి తాను వెనుక నిలుచుట అజరయ్య గారికి సమ్మతము కాలేదు. 1909లో గౌరవప్రదమైన ఉద్యోగము విడిచి, దీక్ష పొంది, కుటుంబముతో దోర్నకలుకు వచ్చారు. తెలుగు నేర్చుకొన్నారు. మాల, మాదిగ పల్లెలకు వెళ్లి, వారి మధ్య కూర్చుండి, వారి కష్టసుఖములు విన్నారు.

1910లో స్కాట్లాండు దేశములోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ ఆయన ధైర్యముగా ఒక చేదు నిజము పలికారు. మిషనరీలు భారతీయుల కొరకు ఎంతో త్యాగము చేశారని కృతజ్ఞతతో ఒప్పుకొంటూనే, త్యాగము చేసినవారు ప్రేమతో పక్కన కూర్చోబెట్టుకొనకపోతే ఆ త్యాగములో కొరత మిగిలిపోవునని, తమకు కావలసినది స్నేహితులని విన్నవించారు. సభలో కొందరికి ఆ మాట రుచించలేదు. అయితే అది వట్టి ఫిర్యాదు కాదు. మద్రాసు అధ్యక్షులు హెన్రీ వైట్‌హెడ్ గారి స్నేహమును ఆయన అప్పటికే చవి చూసినవారు. ఒక్క మనిషి చూపిన స్నేహము ఎంత చేయగలదో తెలిసే ఆ మాట అడిగారు.

అజరయ్య గారిని అధ్యక్షునిగా నియమించుటకు పట్టుబట్టినవారు ఆ వైట్‌హెడ్ గారే. ఒక భారతీయుని క్రింద తెల్లదొరలు ఎట్లు పని చేయుదురని ఆక్షేపించినవారున్నారు. అయినను 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కథీడ్రలులో ఆయన అభిషిక్తులైనారు. ఆంగ్లికన్ సంఘములో అధ్యక్షుడైన మొదటి భారతీయుడు ఆయనే.

తాను పొందిన స్నేహమును ఆయన దాచుకొనలేదు, పల్లెలకు మోసికొనిపోయారు. ఎద్దుబండిపై ప్రయాణము చేసి సంఘములను దర్శించారు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు శత్రువులతో పోరాడుమని బోధించారు. కులమును బట్టి వేరుగా కూర్చొనుటను ఖండించారు. బాప్తిస్మము పొందిన ప్రతివాడును సాక్షియేనని, సువార్త చెప్పుట జీతగాని పని మాత్రమే కాదని నేర్పారు. అన్బు మరియమ్మాళ్ గారు స్త్రీల మధ్య ఎంతో పాటుపడ్డారు. శుభ్రమైన ఇల్లు, త్రాగుడు మానిన భర్త, బడికి వెళ్లే బిడ్డ – పొరుగువారు వీటిని చూశారు. 1930ల నాటికి ఇతర కులములవారు కూడ అనేకులు సంఘములో చేరారు. వారిని ఆకర్షించినది పెద్ద ప్రసంగము కాదు, తమ పొలములో పని చేసే కూలివాని మారిన బ్రతుకు.

ఆయన మరణించే నాటికి అధ్యక్ష ఖండములోని విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. ఈ దేశపు శిల్పరీతులు కలిపి కట్టించిన ఎపిఫనీ కథీడ్రలు 1939లో ప్రతిష్ఠింపబడింది. సంఘముల ఐక్యత కొరకు 1919 తరంగంబాడి సమావేశము నుండి ప్రయాసపడిన ఆయన, ఆ ఫలమును చూడకుండానే 1945 జనవరి 1న దోర్నకలులో ప్రభువునందు నిద్రించారు. దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది 1947 సెప్టెంబరు 27న. విత్తినవాడు కోతను చూడలేదు. పిడికెడు బియ్యము తీసిన తల్లి కూడ చూడలేదు గదా!

ప్రియులారా, ఇప్పుడు మన ఇళ్లలో కుండలు లేవు, కుక్కరులున్నాయి. బియ్యము గ్లాసుతో కొలిచి పోస్తున్నాము. కానుక కవరులో వేసి పంపుట సులభము. కాని మన గుడిలో వెనుక బల్లపై ఒంటరిగా కూర్చున్న క్రొత్త కుటుంబమును పలుకరించి, మన ఇంటికి భోజనానికి పిలిచి ఎంతకాలమైనది? అజరయ్య గారు ఎడింబరోలో అడిగినది అదే. ఆ ప్రశ్న నాడు దొరలను ఉద్దేశించినది. నేడు అది మన ముందున్నది. ఈ శతవార్షికోత్సవములో దీపములు, తోరణములు చాలా కట్టుకొన్నాము. వాటితోపాటు ప్రతి ఇంటిలో ఒక పిడికెడు వేరుగా తీసి పెట్టుదము. అది ఎంత దూరము వెళ్లునో ప్రభువే ఎరుగును.