కవియు నటుడును: హరీంద్రనాథ చట్టోపాధ్యాయుడు

సూర్యాపేట, కోదాడల మీదుగా హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాజమార్గము మన విద్యార్థులందఱు ఎఱిగినదే. ఆ మార్గమునకు ఒక కొసనున్న నగరములో పుట్టి, రెండవ కొసనున్న నగరమునుండి లోకసభకు ఎన్నికయైన ఒక కవిని గుఱించి వ్రాయదలచితిని. ఆయన తెలుగువాడు కాడు, వంగదేశీయుల బిడ్డ. వ్రాసినది చాలవఱకు ఇంగ్లీషులోను హిందీలోను. అయినను ఈ త్రోవకు రెండు కొసలవారును ఆయనను తమవాడని చెప్పుకొనవచ్చును. ఆయన కవి మాత్రమే కాక నటుడు కూడ. ఈ రెండు విద్యలును ఒక్కనియందే చేరుటవలన ఆయనకు కలిగిన లాభమెంత, నష్టమెంత యని నేను పలుమాఱు ఆలోచించితిని.

హరీంద్రనాథుడు 1898వ సంవత్సరము ఏప్రిల్ 2వ తేదీన హైదరాబాదులో జన్మించెను. తండ్రి అఘోరనాథుడు ఎడింబరో విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది వచ్చి, నిజాము ప్రభుత్వమువారి కొలువులో చేరి, తరువాత నిజాం కళాశాలగా పేరొందిన విద్యాలయమునకు పునాది వేసిన పండితుడు. తల్లి వరదసుందరీదేవి వంగభాషలో కవిత్వము చెప్పెడిది. కవయిత్రి సరోజినీ నాయుడు ఈయన పెద్దక్క. ఈయనకంటె పందొమ్మిదేండ్లు పెద్దది. అన్న వీరేంద్రనాథుడు విప్లవకారుడై ఐరోపాఖండమున దేశదేశములు తిరిగి, 1937లో సోవియట్ ప్రభుత్వమువారిచేత మరణశిక్ష పొందెను. నాంపల్లిలోని ఆ కుటుంబమువారి యిల్లు ఇప్పటికిని నిలిచియున్నది. సరోజిని మొదటి కవితాసంపుటి పేరే దానికిని పెట్టిరి: గోల్డెన్ త్రెషోల్డ్, అనగా బంగారు గడప. పండితులును, రసవాదులును, బిచ్చగాండ్రును భేదములేక వచ్చిపోవు ఆ యింట బాలుడు పలు భాషలను వినుచు పెరిగెను.

ఇరువదియేండ్ల ప్రాయమున, 1918లో, ఆయన మొదటి పద్యగ్రంథము ది ఫీస్ట్ ఆఫ్ యూత్ మద్రాసులో వెలువడెను. ఐర్లండు దేశపు కవి జేమ్స్ కజిన్స్ దానికి పీఠిక వ్రాసెను. అరవిందులు తమ ఆర్య పత్రికలో దానిని మెచ్చుకొనిరి. అంత చిన్న వయస్సున అంతటివారి మెప్పు లభించుట అందఱికిని మేలు చేయదు. ఆ మెప్పునకు తగినట్లు జీవితాంతము వ్రాయవలెనను భారము నెత్తిపై నుండును గదా!

మద్రాసులోనే ఆయనకు కమలాదేవితో పరిచయము కలిగెను. ఆమె మంగుళూరు సారస్వత కుటుంబమునకు చెందిన బాలవితంతువు. బంధువుల ఆక్షేపణను లెక్కచేయక వారిరువురును వివాహమాడిరి. పిమ్మట హరీంద్రనాథుడు ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలో విలియం బ్లేకు కవిత్వమునకును సూఫీల తత్త్వమునకును గల పోలికలను పరిశోధించెను. గొఱ్ఱెపిల్లను చూచి సృష్టికర్తను తలచిన ఆ బ్లేకు కవిని మన పై తరగతులవారు ఎఱుగుదురు. హైదరాబాదులో సూఫీల పాటలు వినిన బాలునికి ఈ పోలిక తోచుట సహజమే.

స్వదేశమునకు వచ్చిన పిమ్మట ఆయన గ్రంథాలయమున కూర్చుండలేదు. నాటకములు వ్రాసి, తానే వేషము కట్టి, పాటలకు తానే వరుసలు కూర్చి, ఊరూర ప్రదర్శించెను. కమలాదేవియు రంగస్థలమెక్కెను. గౌరవకుటుంబముల స్త్రీలు నటించుట అప్పట్లో పెద్ద సాహసము. మన తెలుగునాట ఆ కాలమున బాపట్ల స్థానం నరసింహారావుగారివంటి పురుషులే స్త్రీ పాత్రలు ధరించి మెప్పు పొందుచుండిరి. హరీంద్రనాథుని చిన్న నాటికలలో రాజులును రాణులును లేరు. ఒకదానిలో మిల్లు కూలీలు, మఱియొకదానిలో ఉరికంబమునకు ఎదురుచూచు ముగ్గురు ఖైదీలు. ఉప్పు సత్యాగ్రహ దినములలో హిందీలో యుద్ధగీతము కట్టి పాడి చెఱసాలకు పోయెను. కొంతకాలము పుదుచ్చేరి ఆశ్రమములో నివసించెను. తరువాత భార్యాభర్తలు న్యాయస్థానము మూలమున వేరుపడిరి. ఈ విషయములో తప్పు చాలవఱకు ఆయనదేయని నా అభిప్రాయము. నిలుకడ ఆయన గుణములలో లేదు.

1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో, కమ్యూనిస్టుల మద్దతుతో స్వతంత్ర అభ్యర్థిగా విజయవాడనుండి లోకసభకు ఎన్నికయ్యెను. మన నల్లగొండనుండి రావి నారాయణరెడ్డిగారు గెలిచినది ఆ ఎన్నికలలోనే. అప్పటికి కోదాడ దాటి కొంత దూరము పోయినచో హైదరాబాదు రాజ్యము ముగిసి మద్రాసు రాజ్యము వచ్చెడిది. నిజాము రాజ్యమున పుట్టిన వంగకవిని కృష్ణాతీరపు తెలుగువారు తమ ప్రతినిధిగా పంపుట వింతయే. ఆయన పదవియందుండగనే, 1956లో, ఆ రెండు ప్రాంతములును ఒక్క రాష్ట్రమయ్యెను. 1957లో ఆ స్థానము డాక్టరు కొమఱ్ఱాజు అచ్చమాంబగారికి దక్కెను.

ఇక విశ్రాంతి తీసికొనునని యెవరైన అనుకొందురు. కాని సామాన్యజనులు ఆయన ముఖమును గుర్తుపట్టుట అఱువదియేండ్లు దాటిన పిమ్మటనే. 1962లో వచ్చిన సాహిబ్ బీబీ ఔర్ గులాం అను హిందీ చిత్రములో, క్షీణించుచున్న జమీందారు మేడలో గడియారములకు కీలు త్రిప్పుచు రాబోవు వినాశమును చాటు పిచ్చివృద్ధునిగా నటించెను. ఆ పాత్ర కనబడునది కొద్దిసేపే, అయినను చూచినవారు మఱవలేరు. సత్యజిత్ రాయ్ ఆయనను 1969లో మాంత్రికునిగాను, 1974లో పత్రికలనుండి వార్తలు కత్తిరించి దాచుకొను సర్వజ్ఞుడగు పెద్దాయనగాను చూపెను. 1972లో బావర్చి చిత్రమున కోడండ్రను దడిపించు తాతగారు ఈయనయే. మఱుసటి సంవత్సరము భారతప్రభుత్వమువారు పద్మభూషణ బిరుదము నిచ్చిరి.

తొలిదినములలో మెచ్చుకొనినవారిలో కొందఱు, కవి చెడి వేషగాడయ్యెనని విచారించిరి. ఆ మాటను పూర్తిగా త్రోసిపుచ్చలేను. ఆయన పద్యగ్రంథములు నేడు చదువువారు అరుదు. చప్పట్లయందలి ఆశ ఆయన చేత త్వరత్వరగా వ్రాయించెను. అయితే షేక్స్పియరును వేషగాడే. మా తరగతిలో పద్యము చదువుమనిన, బాలురు ఎక్కము అప్పగించినట్లు ఒక్క ఊపిరిలో అప్పగించి కూర్చుందురు. వార్షికోత్సవమున వేషము వేయుదునన్న పిల్లవానిని, చదువు చెడునని తలిదండ్రులు మందలింతురు. పద్యమునకు నోరును, చేయియు, కన్నును కూడ కావలెనని హరీంద్రనాథుడు తలచెను. 1968లో వచ్చిన ఆశీర్వాద్ చిత్రమునకు ఆయన వ్రాసిన రైలుపాటయే సాక్ష్యము. అశోక్ కుమార్ పిల్లలనడుమ దానిని పాడెను. ఊళ్ల పేర్లు ప్రాసలతో జంటలు జంటలుగా దొరలి, మాటలే చక్రములై పరుగెత్తును. దానిని కాగితముమీద చదివిన ఏమియు లేదు; బిగ్గరగా పాడినగాని రైలు కదలదు. మిర్యాలగూడనుండి వచ్చు మన విద్యార్థులకు ఆ చప్పుడు వేఱుగ చెప్పనక్కఱలేదు. మొదటి గ్రంథమును పెద్దలు పొగడిరి, ఈ పాటను పసివాండ్రు పట్టుకొనిరి. రెండింటిలో ఒకటి ఏఱుకొమ్మనిన నేను పాటనే ఏఱుకొందును.

కమలాదేవి చేతివృత్తుల పునరుద్ధరణకు పాటుపడి లోకప్రసిద్ధురాలై 1988 అక్టోబరులో మరణించెను. రెండేండ్లు తిరుగకమునుపే, 1990 జూన్ 23వ తేదీన, తొంబదిరెండేండ్ల వయస్సున హరీంద్రనాథుడు బొంబాయిలో కన్నుమూసెను.