రెండు భాషల ఇంట పెరిగిన మార్కోని

చింతాద్రిపేటలో మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడతారు. రెండు భాషల మధ్య చదువు దెబ్బతింటుందేమోనని కొందరు తల్లిదండ్రులు బెంగపడుతుంటారు. వారు గుగ్లియెల్మో మార్కోని జీవితం తెలుసుకోవాలి.

ఆయన 1874 ఏప్రిల్ 25న ఇటలీలోని బొలోన్యాలో పుట్టారు. తండ్రి ఇటలీ దేశస్థుడు, తల్లి ఐర్లండ్ ఆవిడ. తల్లి వద్ద ఇంగ్లీషు నేర్చుకున్నారు. విశ్వవిద్యాలయంలో పట్టా పొందలేదు. 1896లో తన వైర్‌లెస్ పరికరంతో ఇంగ్లండు వెళ్లినప్పుడు అమ్మ నేర్పిన భాషే అక్కరకొచ్చింది. 1901లో అట్లాంటిక్ ఆవలి నుంచి సంకేతం అందుకున్నారు. 1909లో బ్రౌన్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందారు.

ఎక్కువ దూరానికి లాంగ్‌వేవ్ తరంగాలే మేలని ఆయన చాలా ఏళ్లు నమ్మారు. వాటికి భారీ స్తంభాలు, బోలెడు విద్యుత్తు కావాలి. షార్ట్‌వేవ్ తరంగాలకు అంత ఖర్చు లేదు. కానీ అవి వాతావరణం పైపొరకు తగిలి కిందికి వస్తాయి. ఆ పొర పగలూ రాత్రీ మారుతుంటే సంకేతం బలం తగ్గి, సందేశంలో అక్షరాలు జారిపోతాయి. మార్కోని 1923, 1924లలో ‘ఎలెట్రా’ నౌకలో తిరుగుతూ పరీక్షలు జరిపారు. సుమారు 32 మీటర్ల తరంగం పగలు కూడా దూరం వెళ్తుందని తేల్చారు. సహచరుడు ఫ్రాంక్లిన్ రూపొందించిన ఏరియళ్లు శక్తినంతా ఒకే దిక్కుకు మళ్లించాయి. 1927లో పూనా సమీప కేంద్రాల ద్వారా ఇంగ్లండు–భారత్ సర్వీసు మొదలైంది.

ముస్సోలినీ పార్టీలో చేరడం ఆయన జీవితంలో మచ్చ. 1937 జూలై 20న రోమ్‌లో కన్నుమూశారు.

యాభయ్యో ఏట కూడా పాత నమ్మకాన్ని సరిదిద్దుకోవడం ఉపాధ్యాయులకు పాఠం. ఇంటి భాష పిల్లలకు బరువు కాదన్నది తల్లిదండ్రులకు ధైర్యం.