అంకితం వెంకట నర్సింగరావు

విశాఖ మండలమున వానకై ఎదురు చూడని సేద్యగాడు లేడు. కోటవురట్లవంటి పల్లెలలో తొలకరి వారము వెనుకబడినచో విత్తనముల లెక్కయే మారిపోవును. అయినను ఏయేట ఎంత వాన కురిసెనో వ్రాసియుంచినవారు పూర్వము మిక్కిలి అరుదు. అట్టివారిలో నర్సింగరావు ఒకరు.

ఆయన 1827లో జన్మించెను. మామగారైన గోడే వెంకట జగ్గారావు చెన్నపట్టణమున టేలరు దొరవద్ద ఖగోళశాస్త్రము నేర్చి, 1840లో విశాఖపట్టణమున తన యింటనే వేధశాలను నెలకొల్పెను. భారత వాతావరణ శాఖ పుట్టినది 1875లో గదా! 1856లో జగ్గారావు గతించెను. సొంత సొమ్ముతో నడచు శాలకు యజమాని పోయినచో పరికరములు తుప్పుపట్టుట సహజము. అల్లుడు అట్లు కానీయలేదు.

డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన నర్సింగరావు ఆ భారమును తలకెత్తుకొనెను. 1868లో సంపూర్ణ సూర్యగ్రహణమును, 1874లో సూర్యబింబమును దాటు శుక్రుని పరిశీలించెను. 1871లో లండను ఖగోళ సంఘము ఆయనను సభ్యునిగా చేర్చుకొనెను. ఇవి కీర్తి తెచ్చు పనులు. వాన కొలుచుట అట్టిది కాదు. గరాటుగల పాత్రలో పడిన నీటిని కొలగొట్టములో పోసి చూచుట బాలురైనను చేయగలరు, ఖర్చును స్వల్పమే. కాని ఒక్కనాడు మరచినచో ఆనాటి లెక్క మరల దొరకదు. పండుగయని, జ్వరమని మానరాదు.

1876 అక్టోబరులో విశాఖతీరమున పెనుతుఫాను విరుచుకుపడెను. దానిని గూర్చి ఇలియట్ దొర నివేదిక వ్రాసెను. తుఫాను నడచిన దారిని తెలియుటకు తీరమందలి నిత్యపు కొలతలే ఆధారము.

నర్సింగరావు 1892లో మరణించెను. జగ్గారావు కుమార్తెయు, ఆయన భార్యయునైన అచ్చయ్యమ్మ వేధశాల తలుపులు మూయనీయలేదు. వాతావరణపు లెక్కలు పిమ్మటను అచ్చుపడుచుండెను.