మైఖేల్ ఫారడే: చిన్న పనులలో నమ్మకత్వము



అల్పమైన పనియందు నమ్మకత్వము చూపవలెనని మన ప్రభువు బోధించిన సంగతి లూకా సువార్త 16వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ బోధ చొప్పున జీవించిన ఒక రసాయన శాస్త్రజ్ఞుని చరిత్రను ఈ నెల ధ్యానింతము.

మైఖేల్ ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన, ఇంగ్లాండులో లండను నగరము చెంత, ఒక కమ్మరి కుమారుడుగా జన్మించెను. తండ్రి రోగి, ఇంటిలో లేమి. బడిలో నేర్చినది చదువుట, వ్రాయుట, కొద్ది లెక్కలు మాత్రమే. 14వ ఏట పుస్తకములు బైండు చేయువానియొద్ద పనికి కుదిరి, 7 సంవత్సరములు అచ్చట నుండెను. తాను కుట్టిన పుస్తకములనే చదివెను. జేన్ మార్సెట్ అను స్త్రీ వ్రాసిన గ్రంథము వలన రసాయన శాస్త్రముపై మక్కువ కలిగెను. 1812లో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసములు విని, వాటిని శుభ్రముగా వ్రాసి, బైండు చేసి ఆయనకు పంపెను. 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయోగశాలలో సహాయకుడాయెను.

ఆ పనిలో అపాయమున్నది. నత్రజనియు క్లోరినును కలిసిన ఒక పదార్థము స్వల్ప కారణముచేతనే ప్రేలును. దానివలన డేవీ కంటికి అదివరకే గాయమాయెను. మరుసటి నెలలో ఫారడే చేతిలోని గాజు గొట్టము ప్రేలి, గోరు కొంత ఊడిపోయెను. ఎగిరిన ముక్కలు ముఖమునకు తగిలించుకొనిన కవచపు అద్దమును కోసెను. కవచమే లేకున్న కన్నులేమగునో ఆలోచించుడి. 1823లో మరియొక గొట్టము పగిలి, గాజు పెంకులు కంటిలో పడెను. అయినను చూపు నిలిచెను. 1827లో ఆయన విద్యార్థుల కొరకు పెద్ద గ్రంథము ప్రచురించి, పాత్రలు కడుగుట, తూచుట, వేడిచేయుట వంటి చిన్న పనులను ఓపికతో నేర్పెను.

1833, 1834 సంవత్సరములలో ద్రావణముల గుండ విద్యుత్తును పంపి, ఇంత విద్యుత్తునకు ఇంత పదార్థమే విడిపోవునని లెక్క తేల్చెను. మూలకము యొక్క గుణము చెడని మిక్కిలి చిన్న కణమునకు పరమాణువని పేరు. కంటికి కనబడని దానిని గూర్చి నిశ్చయముగా పలుకుటకు ఫారడే జంకెను గాని, ఆయన లెక్క తరువాతివారికి బాట వేసెను. 1897లో థామ్సన్ పరమాణువులోని ఎలక్ట్రానును కనుగొనెను. ఇది ఋణవిద్యుత్తు గలది. 1911లో రూథర్‌ఫర్డ్ నడిమి కేంద్రకమును తెలిపెను. బరువంతయు దాదాపు అందులోనే యున్నది.

1844లో హాస్వెల్ బొగ్గుగనిలో ప్రేలుడు కలిగి 95 మంది మరణించిరి. ప్రభుత్వము విచారణకు ఫారడేను, భూగర్భ శాస్త్రజ్ఞుడైన లయెల్‌ను పంపెను. గనిలోని వాయువే గాక బొగ్గు ధూళియు మంటను పెంచునని వారు తమ నివేదికలో చూపిరి.

ఆయన సాండెమేనియను అను చిన్న సంఘములో సభ్యుడు, కొంతకాలము సంఘపెద్ద. సర్ బిరుదమును, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని వలదనెను. పిల్లలనిన ప్రీతి. 1860 క్రిస్మసు దినములలో ఒక్క క్రొవ్వొత్తిని వెలిగించి, మైనము ఆవిరియై మండుటను, ఆ మంటనుండి నీరు పుట్టుటను వారికి చూపెను. 1867 ఆగస్టు 25న నిద్రించెను. ఆయన కోరిక చొప్పున ఆడంబరము లేక పాతిపెట్టిరి.

తలిదండ్రులారా, మన బిడ్డలు ప్రయోగశాలకు పోవునప్పుడు కంటి అద్దములు పెట్టుకొనుమని చెప్పుడి. ఆమ్లమునే నీటిలో కొద్దికొద్దిగా పోయవలెను, నీటిని ఆమ్లములో పోయరాదు. తెలియని దేనిని రుచి చూడరాదు. ఇంటిలో పురుగుమందు సీసాను పిల్లలకందకుండ తాళము వేసి యుంచుడి. దేవుడిచ్చిన కన్నులను, చేతులను కాపాడుకొనుట మన బాధ్యత. అట్టి జాగ్రత్తను, నమ్మకత్వమును ప్రభువు మన కుటుంబములకు దయచేయును గాక.